పంటి మీద నీలం

“నోరు తెరు,” అన్నాడు కదిరప్ప.

“పొద్దున్నే ఇదేం పరీక్షప్పా? ఫ్యాక్టరీ గేటు మూసేస్తారు.”

“తెరవమంటాండా.”

భార్య గడ్డం పట్టుకుని వాకిలి వెలుతురు వైపు తిప్పాడు. ముందు పంటి మూల ఫిల్లింగ్ ఊడిపోయి చిన్న సందు కనిపిస్తోంది. ఆ సందు చుట్టూ సన్నగా నీలం.

“యాడిది ఈ నీలం?”

“ఎన్నిసార్లు చెప్పాల?” అంది అంజలి గడ్డం విడిపించుకుంటూ. “డాక్టరు పుచ్చులో నీలం మందు పూసి, దాని మీద ఎర్ర లైటు పట్టినాడు. లైటు పడితే లోపలి పురుగులు చస్తాయంట. ఆ రంగే.”

“లైటుకు పురుగులు చస్తాయా? అట్లయితే మా నాయన శెనక్కాయ చేనికి మందు కొట్టి కొట్టి ఎందుకు సచ్చినట్లు? టార్చిలైటు పట్టుకుని గట్ల మీద తిరిగింటే సరిపోయేది.”

“పోయి ఆ డాక్టర్నే అడుగు పో,” అని నవ్వింది.

ఆ నవ్వే అతన్ని కాల్చేస్తోంది. కుందుర్పి ఫ్లోరైడ్ బోరు నీళ్ళు తాగి పెరిగిన పళ్ళు ఆమెవి, గోధుమరంగు మరకలతో. పెళ్ళయిన పన్నెండేళ్ళలో కొంగు అడ్డం లేకుండా ఆమె నవ్వగా అతను చూడలేదు. రాయదుర్గం డాక్టరు మరకలు తీసి, పుచ్చు పూడ్చిన మూడు నెలల నుంచి కొంగు కిందికి దిగింది. ఆ నవ్వు ఇంట్లో అద్దానికి, ఫ్యాక్టరీ గేటు దగ్గర తిప్పేష్‌కు. కదిరప్ప వంతు వచ్చేసరికి ఆమెకు నిద్ర వస్తుంది.

జీన్స్ ఫ్యాక్టరీలో తిప్పేష్‌ది ప్యాంట్లు ఉతికే పని. రంగునీళ్ళలో నాని నాని అతని చేతులు మణికట్టు దాకా నీలం. ఎంత తోమినా పోదు. ఉగాదికని పుట్టింటికి పామిడి పోయిన పెళ్ళాం మళ్ళీ రాలేదు. అయినా మనిషి పెళ్ళికొడుకులాగా తిరుగుతాడు. ఒకరోజు కదిరప్ప తన లోడు ఆటో అద్దంలో చూశాడు. తిప్పేష్ బొరుగుల పొట్లం చాస్తున్నాడు, అంజలి నవ్వుతోంది. అంతలో ఒక లారీ అడ్డం వచ్చింది. ఆ నీలం వేళ్ళు ఆమె నోటిదాకా పోయాయో లేదో కనపడలేదు. కనపడని ఆ కాస్తా అతను రోజూ ఊహించుకుంటూనే ఉన్నాడు.

“ఈ గుండీ కుట్టమని ఎన్నాళ్ళయింది?” అన్నాడు, చొక్కా మీది పిన్నీసు సర్దుకుంటూ.

“నాకు సూదిలో దారం ఎక్కదు, కండ్లు ఆనవు అని చెప్పినా కదా. పొద్దుగూకులూ అట్టపెట్టెలకు టేపు అంటించేదాన్ని, నాకు కుట్టేది ఎట్ల వస్తాది? ఎదురింటి గంగక్కకియ్యి.”

ఆ మధ్యాహ్నమే అతను డాక్టరు హేమంత్ ముందు నిలబడ్డాడు.

“మీ లైటుతో నా పెండ్లాం పన్ను పాడైంది సార్. రెండుసార్లు ఫిల్లింగ్ ఊడింది.” గొంతు పెద్దదే. తెలుసుకోవలసింది మాత్రం వేరే.

డాక్టరు ఒక చిన్న సీసా తీసి చూపించాడు. అడుగున చిక్కటి నీలం. “ఈ మందు పుచ్చులోని క్రిములకు పట్టుకుంటాదన్నా. ఎర్ర లైటు తగలగానే అవి చస్తాయి. పంటికేమీ కాదు. రంగు మాత్రం కొద్దిగా అంటుకుంటాది, కొన్నాళ్ళు ఉంటాది.”

“ఆ పంటి మీద ఉండేది ఇదే రంగా?”

“ఇదే. నేను పూసిందే కదా.”

కదిరప్ప కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మూడు నెలలుగా తను చూసిన నీలం ఈ సీసాలోది. “మరి ఫిల్లింగ్ ఎందుకూడింది సార్?” అన్నాడు, ఈసారి నెమ్మదిగా.

“మందు సరిగా కడగకపోతే ఫిల్లింగ్ గట్టిగా పట్టదంటారు. నాకూ అదే అనుమానం వచ్చింది. అందుకే రెండోసారి మందూ లైటూ లేకుండానే పెట్టినా. అదీ ఊడింది. నిన్న ఆమె వచ్చినప్పుడు చూస్తే అంచు మీద దారం కోసిన గాడి. సందులో పసుపు పోగు కూడా ఇరుక్కోనుండాది. ఈ జీన్స్ ఊర్లో ఇది మామూలే. కత్తెర పక్కనే ఉంటాది, దారం మాత్రం పండ్లతో కొరుకుతారు.”

“జీన్స్ దారం సార్ అది. దాంతో లారీని కట్టి లాగొచ్చు,” అన్నాడు కదిరప్ప. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

“కొరకొద్దని చెప్పు. మూడోసారి పెడతా.”

దారిలో ఆటో ఆపి చిన్న కత్తెర కొన్నాడు, ఎర్ర పిడిది. అంగడామె కాగితంలో చుట్టి ఇచ్చింది. ఎన్నేళ్ళయిందో అంజలికి ఏదైనా కొని. తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

సాయంత్రం గేటు దగ్గర అంజలి బయటికి వచ్చింది. నాలుగడుగుల వెనక తిప్పేష్, చేతిలో టీ గ్లాసుతో.

“ఏమప్పా తిప్పేషూ, బాగుండావా?” అని తనే పలకరించాడు కదిరప్ప.

“ఏదో ఇట్ల ఉండాం అన్నా,” అన్నాడు తిప్పేష్ బిత్తరపోయి.

కదిరప్ప కాగితం విప్పి కత్తెర భార్య ముందు పెట్టాడు. “నీకే. ఇంక దారం పండ్లతో కొరకొద్దంట. డాక్టరు చెప్పినాడు. పసుపు దారం కొరికే రెండుసార్లూ ఊడిందంట.”

అంజలి కత్తెర అందుకోలేదు. మూడు నెలలుగా కిందే ఉన్న కొంగు మెల్లగా లేచి నోటికి అడ్డం పడింది.

“ఏమే? మంచిమాటే చెప్తి కదా?”

వెనక తిప్పేష్ టీ గ్లాసును గబుక్కున ఛాతీకి ఆనించుకున్నాడు. టీ ఒలికింది. కదిరప్ప అటు చూశాడు. అతని చెయ్యి తెలియకుండానే తన పిన్నీసు మీదికి పోయింది.

తిప్పేష్ తెల్లచొక్కా గుండీలన్నీ పసుపు దారంతో కుట్టి ఉన్నాయి.