మందుల షాపు తలుపు

ఆ మనిషి ఐస్ పెట్టె మూత తీసి, ఇన్సులిన్ సీసా ఒకటి లవీనియా టీచరు చేతిలో పెట్టబోయాడు.

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఎక్కడిదిది?"

"మందుల షాపుదండీ. మూడు రోజులుగా మీకు సూది లేదట కదా. ముందు వేసుకోండి."

పసుపు రేన్‌కోటు. నీలం పెట్టె. లవీనియాకు ఇక అనుమానం లేకపోయింది. వీడే.

తుఫానుకు లూసియానా తీరం పల్లెలన్నీ మునిగాయి. మిగిలినవాళ్ళను పడవల్లో తెచ్చి, ఎవరి ముఖమూ తెలియని ఈ ఎగువ ఊళ్ళో హైస్కూలు జిమ్‌లో దించారు. జనరేటర్ మీద నడుస్తున్న టీవీలో పొద్దుటి నుంచీ ఒకటే బొమ్మ. హెలికాప్టర్లోంచి తీసింది. పసుపు రేన్‌కోటు వేసుకున్న నల్లజాతి మనిషి ఒకడు నడుములోతు నీళ్ళలో నిలబడి మందుల షాపు తలుపు బద్దలుకొడతాడు. నీలం పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోతాడు.

ఆ వెంటనే సెనేటర్ హాలిస్ క్రెయిన్ కనిపిస్తాడు.

"తుఫాను అందరి మీదికీ వచ్చింది. తలుపులు బద్దలుకొట్టింది మాత్రం ఒక్క రంగువాళ్ళే. ఉన్నమాటే అంటున్నాను."

ఆ మాటకు జిమ్ భగ్గుమంది. ఎవరో టీవీ మీదికి బూటు విసిరారు.

"మా తమ్ముళ్ళు నిద్రాహారాలు మాని జనాన్ని పడవల్లో మోశారు. అది కనపళ్ళేదా వీడి కళ్ళకి?" అని ఓ ముసలావిడ తిట్టిపోసింది.

తెల్లవాళ్ళలో కొందరు తలలు దించుకున్నారు. కొందరు దించుకోలేదు.

లవీనియాదీ నల్లరంగే. ఆమె కోపం సగం సెనేటర్ మీదికి పోతే, తక్కిన సగం పసుపు రేన్‌కోటు మీదికి పోయింది. ఇప్పుడు వాడే ఎదురుగా నిలబడ్డాడు.

"నలభై ఏళ్ళు మన పిల్లలకి పాఠాలు చెప్పాను. ఎవడూ మనల్ని వేలెత్తి చూపించే పని చెయ్యకండ్రా అని నెత్తీనోరూ బాదుకున్నాను. నువ్వొక్కడివీ అందరి పరువూ నీళ్ళపాలు చేశావు. దొంగసొత్తు నాకొద్దు."

అతను ఏదో చెప్పబోయాడు. ఆమె మొహం తిప్పేసుకుంది.

"దొంగసొత్తో కాదో నిదానంగా తేల్చుకుందాం టీచరుగారూ. పెదాలు ఎండిపోయాయి మీకు. చూపు కూడా మసకేసింది కదూ? తిట్లు తర్వాతైనా తిట్టొచ్చు. సూది ఇప్పుడే పడాలి."

పెట్టె అక్కడే వదిలి, దాని మీద ఓ కాగితం ఉంచి వెళ్ళిపోయాడు. బయట పడవ మోటారు చప్పుడు దూరమైంది.

కాగితం మీద పదకొండు పేర్లు. ఎవరికి ఎంత మోతాదో, ఏ పూటో గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది.

పక్క మంచం డూసే అనే ఆయనది. రొయ్యల పడవ నడుపుకునే తెల్లాయన. అతను భార్యకు సూది వేసి, లవీనియా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"టీచరమ్మా, నేను ఓటేసింది ఆ క్రెయిన్‌కే. పొద్దున వాడన్నదానికి తల కూడా ఊపాను. మా ఆవిడ పేరు ఇందులో ఆరోది. నీ పేరు అన్నిటికన్నా పైనుంది. వేసుకో తల్లీ."

లవీనియా వేసుకుంది. సాయంత్రానికి గోడ మీది అక్షరాలు మళ్ళీ కుదురుగా కనిపించాయి.

ఆ మనిషి మాత్రం మళ్ళీ రాలేదు. నేనే తరిమేశాను అనుకుంది.

రెండు రోజులకు నీళ్ళు తీశాయి. సెనేటర్ స్కూలు మైదానానికి వచ్చాడు. అరుపులు, కేకలు. క్షమాపణ చెప్పమని కొందరు, అక్కర్లేదని కొందరు. లవీనియా మెల్లగా నడిచివెళ్ళి మైకు అందుకుంది.

"ఆ తలుపు బద్దలుకొట్టినవాణ్ణి నేనూ దొంగనే అన్నాను సెనేటరుగారూ. మొహం మీదే అన్నాను. కానీ ఆ పెట్టెతో ఇక్కడ పదకొండుమంది నిలబడ్డారు. అయిదుగురు మావాళ్ళు, ఆరుగురు మీవాళ్ళు. వాడు పేర్లు రాసుకున్నాడు గానీ రంగులు రాసుకోలేదు."

మైదానం హోరెత్తింది. అందరికన్నా గట్టిగా ఈల వేసినవాడు డూసే.

సెనేటర్ నవ్వు చెదరలేదు. "బాగా చెప్పారమ్మా. మరి పాపం, ఆ షాపు ఓనరు గోడు ఎవరు వింటారు?"

"మేం వింటాం," అంది లవీనియా.

మర్నాడు పొద్దున్నే ఇరవైమంది బయల్దేరారు. చెక్కలు, మేకులు, పారలు, చీపుళ్ళు. సంగతేమిటని అడిగినవాళ్ళలో ఇంకో తొమ్మిదిమంది దారిలో కలిశారు. ఆ రోజు టీవీ ముందు తల దించుకోనివాళ్ళు కూడా వాళ్ళలో ఇద్దరున్నారు.

షాపులో ఎవరో ఒకతను ఒంటరిగా బురద ఎత్తిపోస్తున్నాడు. అలికిడికి తలెత్తాడు.

అతనే.

"టీచరుగారూ! చూపు సరయిందా?"

లవీనియా చేతిలో చీపురు కింద పెట్టింది. "అనరాని మాటలన్నాను నాయనా. మనసులో పెట్టుకోకు. మళ్ళీ రాకపోతే అలిగావనుకున్నాను."

"అలిగే తీరికెక్కడిదండీ! దిగువన ఇంకా మూడు శిబిరాలున్నాయి."

ఆమె వీధి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"సరే, ముందు నువ్విక్కణ్ణుంచి వెళ్ళు. ఓనరు చూశాడంటే పోలీసుల్ని పిలుస్తాడు. తలుపు మేం బాగుచేసిస్తాం. కేసు పెట్టొద్దని కాళ్ళావేళ్ళా పడైనా ఒప్పిస్తాం."

"ఒప్పుకోకపోతే కదలం," అన్నాడు డూసే.

అతను పార గోడకు ఆనించాడు. ఆ ఇరవైతొమ్మిదిమందినీ, వాళ్ళ భుజాల మీది చెక్కల్నీ చాలాసేపు చూశాడు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"కేసేం పెట్టన్లెండి టీచరుగారూ. తాళంచెవులు ఇంటితో పాటే కొట్టుకుపోయాయి, నా షాపు తలుపు నేనే బద్దలుకొట్టుకోక తప్పింది కాదు."