ముల్లు తీసిన గాలం

"కూసింత ఎరుపు కలపండి బాబూ" అన్నాడు బుధు.

సన్యాసిరావు పట్టుకారు కిందపెట్టి కళ్ళజోడు పైనుంచి చూశాడు. "చేపకి ఎరుపిష్టమని నీకెవరు చెప్పారోయ్?"

"సూసేను బాబూ. ఎరుపు కనపడితే సాలు, కళ్ళు అటే."

డుంబ్రిగుడ పోస్టుమాస్టరు సన్యాసిరావుకు లోకమంతా ఒక ఎత్తు, గాలాలు ఒక ఎత్తు. చిన్న గాలానికి ఈకలూ పట్టుదారమూ చుట్టి, నీటిమీద వాలిన ఈగేనని చేప భ్రమపడేలా కట్టడం ఆయన పిచ్చి. అదెలాగో చెప్పే ఇంగ్లీషు పుస్తకాలు, కిరండూల్ రైల్లో విశాఖపట్నం వెళ్ళినప్పుడల్లా పాతపుస్తకాల కొట్లలో వెతికి పదకొండు పోగేశాడు. కొత్తది దొరికిన రోజు అన్నం సంగతే మరిచిపోయేవాడు. ఈకలు తెచ్చిపెట్టేది గూడెం కుర్రాడు బుధు. పదేళ్ళుగా కట్టిన ఈగలన్నీ అగ్గిపెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. ఒక్కటీ నీళ్ళు చూడలేదు. చేప తెంపుకుపోతేనో? అమ్మో!

అలాంటి మనిషి ఇవాళ ఒకటి ఇస్తున్నాడంటే, బుధు పరువు కోసమే. రేపు గూడెంలో ఇటుకల పండగ, మగాళ్ళంతా కొండమీదికి వేటకు వెళ్ళే రోజు. ఉత్తచేతుల్తో తిరిగొచ్చిన మగాణ్ణి గూడెం ఆడవాళ్ళు పేడనీళ్ళతో తడిపేస్తారు. బుధు వరసగా మూడేళ్ళు తడిశాడు.

"ఈపాలి కూడా ఉత్తినే వొస్తే ఆ చిన్నమ్మి నన్ను బతకనివ్వదు బాబూ. పెద్ద కుండ నాకోసమే దాస్తాది. దాని నవ్వొకటి!"

"చేపని పట్టినా వేట కిందికే వస్తుందా?"

"పేణమున్నదేదైనా ఏటే బాబూ."

పాపం అనిపించింది సన్యాసిరావుకు. పెట్టె అడుగున ఏళ్ళ తరబడి దాచుకున్న అడవికోడి మెడ ఈక తీశాడు. ఎర్రపట్టు చుట్టి, జరీపోగు తిప్పి, గంటలో ఈగను తయారుచేశాడు. ఇంత అందమైనది ఆయన ఎన్నడూ కట్టలేదు.

బుధు దాన్ని వేలితో తాకి చూశాడు. "ఈ ముల్లు తీసెయ్యండి బాబూ. గుచ్చుకుంటే నొప్పెడతాది."

"జారిపోతుందిరా!"

"జారిపోతే నా కరమం."

సన్యాసిరావుకు కళ్ళు చెమర్చాయి. చేపకు నొప్పి తెలియకుండా పట్టే పెద్దమనుషుల గురించి ఆయన ఏడో పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. అక్షరం ముక్క రాని బుధుకు ఆ మనసు ఎలా వచ్చిందో! ఆకురాయితో ముల్లు నున్నగా అరగదీసి ఇచ్చాడు.

మర్నాడు పొద్దువాలే వేళకు ఉండబట్టలేక గూడేనికి నడిచాడు. డప్పులు మోగుతున్నాయి. వేటగాళ్ళు కొండ దిగుతున్నారు. ఒకడి భుజాన కుందేలు, ఇంకొకడి చేతిలో కౌజుపిట్టలు. అందరికంటే వెనక బుధు వచ్చాడు, ఉత్తచేతుల్తో.

"నా ఈగేదిరా?"

"పోనాది బాబూ" అన్నాడు బుధు, పళ్ళన్నీ బయటపెట్టి.

"నీ దుంపతెగ! నవ్వుతావేం?"

జవాబు చెప్పే వ్యవధి లేకుండా ఆడవాళ్ళు చుట్టుముట్టారు. అందరికంటే ముందు కుండెత్తింది చిన్నమ్మే. నెత్తిమీంచి కాళ్ళదాకా ఒక్క చుక్క మిగల్చకుండా దిమ్మరించింది. బుధు కళ్ళు మూసుకుని కదలకుండా నిలబడ్డాడు.

సన్యాసిరావు కళ్ళజోడు మీద పడ్డ తుంపర తుడుచుకున్నాడు. తన పదకొండు పుస్తకాలూ కలిసి ఒక్క కుర్రాడి పరువు నిలబెట్టలేకపోయాయి.

చిన్నమ్మి మళ్ళీ కుండ నింపుకోవడానికి పకపకా నవ్వుతూ వెనక్కి తిరిగింది.

ఆమె కొప్పులో ఎర్రటి ఈగ మెరుస్తోంది.