బొటనవేలికి కట్టు

సుభాని సైకిలుకి బ్రేకులు పీకేశాడు. బరువు తగ్గుతుందట. మడ్‌గార్డులు, స్టాండు, బెల్లు నిన్ననే పోయాయి. ఇక మిగిలినవి రెండు చక్రాలూ, వాడూ.

"బ్రేకుల్లేకుండా ఎట్టా ఆపుతావురా?" అన్నారు భవానీప్రసాద్ మేష్టారు.

"ఆపితే గెలుస్తామాండీ?"

సుభాని ఆయన దగ్గర ఐదో తరగతి దాకా చదివినవాడు. మేష్టారు వాణ్ణి ఎగాదిగా చూశారు. "ప్రాణం ముఖ్యంరా," అని ఊరుకున్నారు.

జగ్గయ్యపేట నుంచి నందిగామకి అప్పట్లో ఏటా సైకిలు పందెం జరిగేది. సైకిలు తొక్కడమే బతుకుతెరువైన వాళ్లు బెజవాడ నుంచీ, గుంటూరు నుంచీ వచ్చేవారు. బెజవాడ సర్దారు వరసగా మూడేళ్లు గెలిచాడు. అంబారుపేట మలుపులో ఏటా ఎవడో ఒకడు పడ్డాడు. నిరుడు ఒకడి కాలు విరిగింది, అంతకుముందు ఏడు ఒకడి చెయ్యి. ఈ రెండు విషయాల్లోనూ ఆ పందెం ఎన్నడూ మాట తప్పలేదు.

తొమ్మిదింటికి జెండా ఊపారు. సైకిళ్ల వెనక జీపు బయల్దేరింది. అందులో మందులపెట్టెతో కాంపౌండరు వరప్రసాదరావు, పక్కన మేష్టారు.

మేష్టారు బడిపంతులే కాదు, బెజవాడ పత్రికకి విలేకరి కూడా. పంతులుగా ఆయనకి ఊళ్లో నమస్కారాలే దక్కేవి. విలేకరి అయ్యాక పోలీసు స్టేషన్లో కుర్చీ కూడా వేస్తున్నారు. ఆ కుర్చీకి ఇప్పుడు గండం వచ్చిపడింది. పత్రికవాళ్ల కార్డు జేబులోనే ఉంది. "మీ వార్తలు ఆలస్యముగా చేరుచున్నవి. ఇకపై ఆలస్యమైనను, అబద్ధమైనను వేరొకరిని నియమించుకొనగలము."

చిల్లకల్లు దగ్గర చైను ఊడి సుభాని వెనకబడ్డాడు. జీపు ముందున్నవాళ్ల వెంట పోయింది. మేష్టారు మాత్రం మెడ వెనక్కి తిప్పుకునే కూర్చున్నారు.

"సుభాని కనపడుతున్నాడా?"

"సొంత కొడుక్కైనా ఇంత ఇదవ్వరండీ," అన్నాడు కాంపౌండరు.

అంబారుపేట మలుపులో రోడ్డు నిండా ఉలవచెట్లు పరిచి ఉన్నాయి. లారీలు తొక్కితే గింజ రాలుతుందని అక్కడి రైతుల ఏర్పాటు. సర్దారు అంచునుంచి తప్పించుకుపోయాడు. వెనకే వచ్చినవాడు మధ్యలోకి వెళ్లి, జారి, సైకిలుతో సహా బోర్లా పడ్డాడు.

కాంపౌండరు కంటే ముందు మేష్టారు దూకారు. "సుభానియేనా?"

"వాడింకా రాలేదుగా. గుంటూరు బుల్లిబాబండీ ఇతను. మోచెయ్యి గీరుకుంది, అంతే."

మేష్టారు పెద్దగా నిట్టూర్చారు.

ఉలవల రైతు కృష్ణయ్య పంగలకర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "తీసేస్తానండీ, ఇప్పుడే పక్కకి లాగేస్తా."

మేష్టారు కర్ర లాక్కున్నారు. "రోడ్డు నీ కళ్లమా? ఇక్కడెంతమంది పడ్డారో ఎరుగుదువా?" అని మొదలుపెట్టి పావుగంట తిట్టారు. కృష్ణయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఉలవచెట్లు ఉన్నచోటే ఉన్నాయి.

అంతలో సుభాని మలుపు తిరిగాడు. ఉలవలు చూసి రెండు కాళ్లూ నేలకి ఆనించి, దుమ్ము రేపుకుంటూ, జానెడు దూరంలో ఆగాడు. దిగి, సైకిలు భుజానికెత్తుకుని, ఉలవలమీద నింపాదిగా నడిచి అవతల ఎక్కాడు.

"దిగావేంట్రా?" అన్నారు మేష్టారు.

"ప్రాణం ముఖ్యమని మీరేగా చెప్పారు."

నందిగామలో సర్దారే గెలిచాడు. మేష్టారు ఆ బెజవాడవాణ్ణి కావలించుకున్నంత పని చేశారు. తర్వాత తొమ్మిదోవాడుగా సుభాని నవ్వుతూ వచ్చాడు. వాణ్ణి చూడగానే మేష్టారి ముఖం వాడిపోయింది. శిష్యుడు ఓడినందుకు బాధని జనం జాలిపడ్డారు.

నేలకి రాసుకుని సుభాని కుడికాలి బొటనవేలు దోక్కుపోయింది. మేష్టారు కాంపౌండర్ని రెక్కపట్టుకుని లాక్కొచ్చారు.

"బద్దలు పెట్టి కట్టండి. పాదం నుంచి తొడదాకా."

"బొటనవేలికాండీ?"

"లోపల ఎముక చిట్లితే పైకి తెలుస్తుందా?"

కాంపౌండరు తలగోక్కుంటూనే కట్టాడు. సుభాని మేష్టారి మాట ఎన్నడూ జవదాటినవాడు కాదు. కాలు చాపుకుని కూర్చున్నాడు. నలభై రోజులు గడప దాటొద్దని వాడిచేత ఒట్టు వేయించుకుని, మేష్టారే భుజం పట్టి బస్సెక్కించారు. జగ్గయ్యపేటలో వాడి తల్లి పీరాంబీ ఆయన చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"కన్నతండ్రి ఉన్నా ఇంత చూసేవాడు కాదు బాబూ."

మేష్టారు తలొంచుకున్నారు. పందెంలో సర్దారు గెలిచాడనీ, అంబారుపేట మలుపులో పడి సుభాని కుడికాలు విరిగిందనీ ఆయన రాసిన వార్త, జెండా ఊపడానికి మూడు గంటల ముందే, ఆరింటి బస్సులో బెజవాడ వెళ్లిపోయింది.