ఏసోబు గారి ఇస్త్రీ బల్ల

"ఏమ్మోయ్, కళ్ళు కనబడట్లా? కాయలన్నీ తొక్కేస్తన్నావ్!"

వాకిట్లో ఆరబోసిన మిరపకాయల మధ్యగా, చార పడేట్టు నడిచొచ్చింది ముసలామె. ఇమ్మానియేలుకి ఒళ్ళు మండింది.

"చుట్టూ తిరిగొచ్చే ఓపిక లేదు బాబూ. ఏసోబు వాయిద్యం రేపు చర్చిలో పెడతన్నారంట గదా. ఒక్కసారి చూసిపోదామని."

వరండాలో పాత దుప్పటి కింద ఉందది. పైన పది తీగలు, కింద మూడు పెడళ్ళు. మిషన్ దొరలు వెళ్ళిపోతూ వదిలేసిన వస్తువు. పేరేమిటో ఎవరికీ తెలియదు, ఊరంతా ఇస్త్రీ బల్ల అంటారు. దానిమీద ఏసోబు వాయించిన కీర్తనల క్యాసెట్ మాత్రం గుంటూరు దాకా మోగింది.

నాన్న ఏసోబు పోయి ఏడాది. రేపు చర్చిలో వాయిద్యంతోపాటు ఆయన పేరున చలువరాతి పలక పెడుతున్నారు. పలకమీద చెక్కించడానికి వాయిద్యం పేరు కావాలి. చిలకలూరిపేటలో ఆర్కెస్ట్రా నడిపే ఖాజావలికి కబురుపెట్టి, అతని కోసమే ఎదురుచూస్తున్నాడు ఇమ్మానియేలు.

ముసలామె దుప్పటి తొలగించి తీగమీద వేలు పెట్టింది.

"ఏయ్, చెయ్యి తియ్! మా నాన్న తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టలేదు."

"మీ నాన్నది మంచి గొంతు బాబూ."

"గొంతేంటి? మా నాన్న పాడలేదమ్మా, వాయించాడు. క్యాసెట్ ఎప్పుడన్నా విన్నావా అసలు?"

ఆమె తీగమీంచి వేలు తీసింది.

"విన్నాను" అంది.

"చూశావుగా, ఇంక బయల్దేరు."

ఆమె వెళ్ళిపోయింది. అతను ఆమె పేరైనా అడగలేదు, దుప్పటి మళ్ళీ కప్పేశాడు.

కాసేపటికి ఖాజావలి వచ్చాడు. దుప్పటి తీస్తూనే కేకేశాడు.

"ఒరేయ్, ఇది పెడల్ స్టీల్ గిటార్‌రా! నేర్చుకునేవాళ్ళకి చేసే చిన్నరకం. మద్రాసు స్టూడియోలో చూశా."

"హమ్మయ్య, బతికించావ్!"

ఖాజావలి కింద కూర్చుని పెడళ్ళు కదిపి చూశాడు. మొహం చిట్లించాడు.

"ఇదేందిరా? వీటికి పెడళ్ళు ఎడమపక్కన ఉంటాయి, ఎడమకాలితో తొక్కాలి. దీనికి విప్పి కుడిపక్క బిగించారే! మీ నాన్నకి ఎడమకాలు పడిపోయిందా?"

"ఛఛ! పోయేదాకా సైకిల్ తొక్కాడు."

"అయితే దీన్ని వాయించింది మీ నాన్న కాదురా. ఎడమకాలు స్వాధీనంలో లేని మనిషెవరో!"

ఇమ్మానియేలు వంగి పెడళ్ళు చూశాడు. ఒక్కసారి వాయించు నాన్నా అని ఎన్నిసార్లు బతిమాలాడు! తీగలు పాడైపోయాయిరా అనేవాడు. ఇప్పుడు ఖాజావలి మీటుతుంటే సన్నగానైనా పలుకుతున్నాయి. ఊరిని మోసం చేశాడు సరే, కన్నకొడుకుని కూడానా?

ఉన్నట్టుండి ఏదో తట్టి, ఒక్క ఉదుటున వాకిట్లోకి పరుగెత్తాడు. దారి పొడుగునా ఎవరూ లేరు.

మిరపకాయల్లో కుడికాలి అడుగులు విడివిడిగా పడి ఉన్నాయి, వాటి పక్కనే ఆమె ఈడ్చుకెళ్ళిన ఎడమకాలు గీసిన చార.