పీరు నిలబడిన సందు

ప్రొద్దుటూరు పురజనులకు ఇందుమూలముగా చాటించడమేమనగా, గణపతి హోటల్లో ఉగ్గాని తినేవాళ్లు ఇకమీదట సందులోకి కాళ్లు చాపరాదు!

హోటలు గణపతి సందులోకి వసారా దించుతానని మున్సిపాలిటీకి అర్జీ పెట్టుకున్నాడు. వసారా వస్తే ఖలందర్ జట్కా నిలిపే చోటు పోతుంది. జమ్మలమడుగు బస్సు దిగినోళ్లు జట్కా ఎక్కేది ఆడనే. ఆ చోటు పోతే వాని ఇంట్లో పొయ్యి వెలగదు.

నేనూ కౌన్సిలరునే, మీటింగులో నేనే లేచినా.

"అప్పా, గత్తర రోగం వచ్చిన ఏడు పీరు ఆ సందులోనే నిలబడి ఊరిని కాచిందని మా తాత చెప్పేవాడు. ఆడ దోసెలు పోస్తారా?"

పీరుకు మొక్కని కౌన్సిలరు ఒక్కడూ లేడు. అంతా లెంపలేసుకున్నారు. గణపతి అర్జీ కొట్టేసినారు. అంతటితో ఊరుకుంటే బాగుండు. పీరు నిలబడిన చోట గుర్రాలు పేడ వేయకూడదని జట్కాలు గూడా తీసేయమన్నారు.

ఖలందర్ సందుకు సలాం చేసి గుర్రాన్ని తోలుకోని బయలుదేరినాడు.

"యాడికి పోతాండావురా?" అని అడిగినా.

"ఏమో మామా. గణపతితో అయితే కొట్లాడుతుంటి. పీరుతో ఏం కొట్లాడేది?"

నిజం చెబుదామంటే గణపతి రేపే వసారా దించుతాడు. గత్తర వచ్చింది నిజమే. పీరు ఆ సందులో నిలబడిందన్న మాట మాత్రం ఆపొద్దు మీటింగులో నేను పుట్టించిందే.