మాయాదేవి పట్టుకున్న కొమ్మ

“ఆ చెట్టు ఆకు ఇలా ఉండదు పిన్నీ.”

జిగురు కుంచె పట్టుకున్న ఒక్బున్ తలెత్తి చూసింది. అన్నది ఇష్తియాక్, ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పనిచేసే పరదేశి. ఆదివారం ఆదివారం బౌద్ధ విహారానికి వచ్చి, ఎవరూ అడక్కుండానే దీపాల బొమ్మలకి ఇనప తీగలు వంచి పెట్టి వెళ్తుంటాడు. కొరియాలోని ఈ కిమ్హే ఊళ్ళో అలాంటివాళ్ళు వేలమంది ఉన్నారు. నీది ఏ దేశమని అతన్ని ఎవరూ అడగలేదు.

ఒక్బున్‌కి ఆ ఏడు మామూలు ఏడు కాదు. బుద్ధుడి పుట్టినరోజుకి ముందు జరిగే దీపాల ఊరేగింపులో, ఇరవై ఏళ్ళుగా అందరికంటే ముందు నడిచేది పైవీధి విహారం వాళ్ళ బండే. మొదటిసారి ఆ చోటు ఈ విహారం ఆడవాళ్ళకి దక్కింది. వాళ్ళకి పెద్ద ఒక్బున్.

తీగలతో, కాగితంతో ఆమె కట్టిస్తున్నది లుంబినీ వనం. బుద్ధుడి తల్లి మాయాదేవి కొమ్మ పట్టుకుని నిలబడి ఉంటుంది. పక్కన అప్పుడే పుట్టిన బిడ్డ. లోపల బల్బులు వెలిగితే పైవీధి వాళ్ళు ముక్కున వేలేసుకోవాలి. తేడా వచ్చిందా, ఆమె ఇక ఊళ్ళో తలెత్తుకోలేదు.

“మరెలా ఉంటుందో?” అంది.

ఇష్తియాక్ అరచెయ్యి చాపి చూపించాడు. ఇంత ఉంటుందట. పూలు గులాబీ రంగు కాదట, వెన్న రంగట. ఆ ఆకులు కుట్టుకుని వాళ్ళ వైపు అన్నం కూడా తింటారట.

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మాయాదేవి చెట్టుని కంచం చేసేశాడు చూడండని ఒక్బున్ ఆడపడుచు గుమ్జా దెప్పింది.

“నువ్వు నమాజు చేసుకునేవాడివి,” అంది ఒక్బున్, మెత్తగానే. “నేను ముప్పై ఏళ్ళుగా ఈ విహారంలో సాష్టాంగపడుతున్నదాన్ని. లుంబిని గురించి నువ్వు నాకు చెప్తావా నాయనా?”

“లుంబిని గురించి కాదు పిన్నీ. ఆకు గురించే.”

మరుసటి ఆదివారం అతను ఒక సంచి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. నిండా కాగితపు ఆకులు. ఒక్కో ఆకుకీ మధ్యన ఈనె, రెండు పక్కలా నరాలు, చివర కాస్త ముడత.

చేతిపనిలో మంచీ చెడూ ఒక్బున్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక ఆకు తీసి కొమ్మ మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. అంతవరకూ తాము అంటించిన ఆకులు దాని పక్కన పిల్లల బొమ్మల్లా ఉన్నాయి. బాగుందనడానికి మాత్రం నోరు రాలేదు. పాతవి పీకేసి ఇవే అంటించమని గుమ్జాకి చెప్పింది.

ఇంత చేసి ఇష్తియాక్ అడిగింది ఒక్కటే. ఊరేగింపులో బండి ముందు తాడు పట్టుకుంటానన్నాడు.

అది పండగ బట్టలు, హన్బోక్‌లు కట్టుకున్న ఆడవాళ్ళ పని, నువ్వు వెనక నుంచి తొయ్యి అంది ఒక్బున్. సరేనన్నాడు. అక్కడ నిలబడితే బండి చెక్క తప్ప ఇంకేమీ కనిపించదు.

ఊరేగింపు సాయంత్రం వీధి వీధంతా ఆ చెట్టు కింద ఆగిపోయింది. పుసాన్ నుంచి వచ్చిన పెద్దస్వామి బండి ఆపించి, చాలాసేపు ఆకుల వంకే చూశారు.

“యాత్రకి వెళ్ళినప్పుడు ఈ చెట్టు నీడన కూర్చున్నాను. అచ్చం ఇదే. ఎవరు చేశారమ్మా?”

“మేమే స్వామీ,” అంది ఒక్బున్.

అంటించింది వాళ్ళే కాబట్టి పూర్తిగా అబద్ధమూ కాదు. పైవీధి వాళ్ళ మొహాలు చూశాక ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. బండి వెనక ఒకడున్నాడన్న సంగతే గుర్తు రాలేదు.

మర్నాడు ఇష్తియాక్ వచ్చాడు. వీసా గడువు అయిపోయిందని, ఎల్లుండే ప్రయాణమని చెప్పాడు. విహారం ముంగిట్లో కట్టే దీపాల్లో ఒకటి తన పేరున కట్టమన్నాడు. దీపానికి వేలాడే చీటీ మీద పేరు, కోరిక, ఊరు రాయాలి. అతను తన లిపిలోనే రాసిచ్చాడు.

ఒక్బున్ దాన్ని చివరి వరుసలో కట్టించి, ఒక పొట్లం బియ్యపు రొట్టెలు చేతిలో పెట్టి పంపేసింది.

బుద్ధుడి పుట్టినరోజున స్వాములు చీటీలన్నీ పైకి చదివారు. ఆ ఒక్కటి చదవడం ఎవరికీ రాలేదు, వదిలేశారు.

పండుగ అయ్యాక దీపాలు విప్పుతుంటే, భారతదేశంలో ఐదేళ్ళు చదువుకుని వచ్చిన సన్యాసిని ఒకామె ఆ చీటీ దగ్గర ఆగింది. అది ఆ ప్లాస్టిక్ ఫ్యాక్టరీ పరదేశిది, ఏం గీకాడో ఏమో అంది ఒక్బున్.

సన్యాసిని చదువుతూ చదువుతూ చీటీకి చేతులు జోడించింది. తర్వాత పైకి చదివింది.

“పేరు ఇష్తియాక్ అన్సారీ. కోరిక: మా చెట్టుని ఈ ఊరంతా తలెత్తి చూసింది. గర్వంగా ఇంటికి వెళ్తున్నాను. దాన్ని నిలబెట్టిన పిన్నులందరూ చల్లగా ఉండాలి.”

“మా చెట్టేమిటి?” అంది ఒక్బున్. “ఇంతకీ ఏ ఊరట అతనిది?”

సన్యాసిని చీటీని రెండు చేతులతో ఆమెకి అందించి, చివరి మాట చదివింది.

“లుంబిని.”