కుక్క చుట్టూ చుక్కలు

చెల్లీ త్రివేణీ,

నీ మోకాలి నొప్పి తగ్గిందా? మరిదికి దగ్గు ఎలా ఉంది? కోడలు అన్నం తింటోందా? నాకు అదే దిగులు.

నెల రోజులకని నువ్వు వదిలిపోయిన నల్లకుక్క నన్ను ఏడిపిస్తోంది. కళ్ళాపి చల్లి ముగ్గు వేయగానే, చల్లగా ఉందని దాని మీదే పడుకుంటుంది. తిట్టి అలిసిపోయాను. ఇప్పుడు అది పడుకున్నాకే చుట్టూ చుక్కలు పెడుతున్నాను. గంట పడుతోంది. ఆ గంటసేపు మీ దిగులు కూడా గుర్తు రాదు, ఏమీ అనుకోవద్దు.

"ఏమక్కా, కుక్కకు ముగ్గేస్తాండావా?" అని పక్కింటి ఆంజినమ్మ నవ్వింది.

"దాన్ని నవ్వించాకు, కదిలితే తీగ చెడిపోతాది" అన్నాను.

సోమవారం వచ్చి కుక్కను తీసుకుపోతానని రాశావు. ఈ ఎండకు బస్సులో కళ్ళు తిరిగి పడతావేమోనని భయం. నువ్వు రావద్దు. ముందురోజే, ఇరవయ్యో తారీఖు ఆదివారం, నేనే వస్తాను. ఒక్కదాన్నే.